షుగర్ వస్తుందని మానసిక వ్యాధి మందు ఆపేయొచ్చా?

డాక్టర్ గారూ, మా తమ్ముడికి 26 ఏళ్లు. స్కిజోఫ్రీనియాకి ఏడాదిగా ఒలాంజపిన్ వాడుతున్నాడు. చెవిలో మాటలు వినిపించడం ఆగింది, మళ్లీ షాపుకి వెళ్తున్నాడు. కానీ 62 కిలోలున్నవాడు 76కి వచ్చాడు. అర్ధరాత్రి లేచి గిన్నెలో మిగిలిన అన్నమంతా ఊడ్చేస్తున్నాడు. మొన్న పరగడుపున షుగర్ 118 వచ్చింది. నాన్నకి షుగర్ ఉంది. ఆ భయంతో అమ్మ బిళ్ల రోజు విడిచి రోజు ఇస్తోంది. పూర్తిగా మాన్పించెయ్యమంటున్నారు చుట్టాలు. ఏం చేయమంటారు?
– ఓ అక్క, ఖమ్మం

సలహా:
అమ్మా, మందు మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు. జబ్బు తిరగబెడితే మళ్లీ మొదటికొస్తుంది. రోజు విడిచి రోజు ఇస్తున్న సంగతి ఈ వారమే సైకియాట్రిస్టుకి దాచకుండా చెప్పండి.

118 అంటే షుగర్ వ్యాధి కాదు, దాని గుమ్మం. పరగడుపున 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్, 126 లేదా అంతకు మించితే డయాబెటిస్. ఒకసారి హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ కూడా చూపించండి. హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించితే డయాబెటిస్.

మీ తమ్ముడిది తిండియావ కాదు, తిట్టకండి. ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు మెదడులో కడుపు నిండిందని చెప్పే వ్యవస్థనే మందగింపజేస్తాయి. ఇన్సులిన్ పనితీరునూ దెబ్బతీస్తాయి. నాన్నగారి వారసత్వం దానికి తోడైంది. రాత్రి మిగిలిన అన్నం కంటికి కనబడనివ్వకండి. ఆకలేస్తే అందేలా మజ్జిగ, కీరా ముక్కలు, ఉడికించిన శనగలు పెట్టండి. కూల్‌డ్రింకులు ఇంటికే తేవద్దు. సాయంత్రం ఎవరైనా తోడుగా నడవండి.

డాక్టర్ని రెండు విషయాలు అడగండి. ఒకటి, బరువు తక్కువ పెంచే అరిపిప్రజోల్ లాంటి మందుకి మెల్లగా మార్చే వీలుందా? కుదిరిన మందుని మార్చడంలోనూ రిస్కు ఉంటుంది కాబట్టి ఆ నిర్ణయం ఆయనదే. రెండు, మెట్‌ఫార్మిన్ ఇవ్వొచ్చా? ఈ మందుల వల్ల పెరిగే బరువుని అది కొంత అదుపు చేస్తుంది.

నెలకోసారి బరువు, నడుము కొలత రాసి పెట్టండి. మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. షుగర్ మూడు నెలలకోసారి చూపించండి. విపరీతమైన దాహం, పదేపదే మూత్రం, వాంతులు, మగత కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు విషయంలో ఇంట్లో గొడవ తెగకపోతే 14416కి, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.