తోబుట్టువే విలన్ అయితే?
(ఇంట్లో పాఠం: చూద్దాం, మాట్లాడుకుందాం)



"అమ్మతో చెప్పావో, నువ్వు స్లిప్ టెస్ట్‌లో చూసి రాశావని నేనూ చెప్పేస్తా!"

మీ ఇంట్లో పెద్దపిల్ల తమ్ముణ్ణి ఇలా బెదిరించడం ఎప్పుడైనా మీ చెవిన పడిందా? చాలా ఇళ్లలో ఇది ఒక పూట గొడవ. అదే రోజూ జరుగుతుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఈ సంగతి నేరుగా అడిగితే పిల్లలు తల దించుకుంటారు. కథ మీద పెట్టి అడిగితే నోరు విప్పుతారు. అందుకే ఈ నెల రెండు కథలు చెబుతున్నాం. ఒకటి పెద్ద క్లాసుల పిల్లలు చూసే క్రైమ్ సీరీస్‌ది. రెండోది మన కూచిపూడి భాగవతులు ఆడుతూ వచ్చినది.

మొదటి కథ: చెల్లెలు యూరస్

బీబీసీ 'షెర్లాక్' నాలుగో సీజన్ 2017 జనవరిలో ప్రసారమైంది. అందులో విలన్ బయటివాడు కాదు, డిటెక్టివ్‌కు సొంత చెల్లెలు యూరస్. సియాన్ బ్రూక్ ఆ పాత్ర వేశారు. ఆమె ఆయుధం మాట. ఎదుటివాళ్ల బలహీనత కనిపెట్టి, మాటలతోనే తనకు కావలసిన పని చేయిస్తుంది. చిన్నప్పుడు అన్నకు ఓ స్నేహితుడు ఉండేవాడు. తనతో ఆడేవాళ్లు లేరన్న ఉక్రోషంతో ఆ పిల్లవాణ్ణి బావిలో పడేసి చావుకు కారణమైంది. తర్వాత ఆమెను దూరంగా ఉంచారు. పెద్దన్న మైక్రాఫ్ట్ మాత్రం ఆమె చనిపోయిందని తల్లిదండ్రులకు అబద్ధం చెప్పాడు. షెర్లాక్ ఆ సంగతే మరిచిపోయాడు. దాచిన విషయం ఏళ్ల తర్వాత అందరి మీదికీ వచ్చింది.

రెండో కథ: అన్న రుక్మి

రుక్మిణీ కల్యాణం మనకు కొత్త కాదు. పోతన భాగవతంలో దశమస్కంధంలో ఉంది. భీష్మకుడికి అయిదుగురు కొడుకులు, ఒక్కతే కూతురు. రుక్మిణి మనసు కృష్ణుడి మీద ఉంది. బంధువులకూ ఆ సంబంధమే ఇష్టం. పెద్దన్న రుక్మి మాత్రం శిశుపాలుడికే ఇవ్వాలని పట్టుబట్టాడు. కొడుకు మీది మమకారంతో తండ్రి సరేనన్నాడు. ఇంట్లో చెప్పుకునే దారి లేక ఆ పిల్ల ఒక బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది.

యూరస్‌ది మాయమాట, రుక్మిది మంకుపట్టు. ఇద్దరి పద్ధతి వేరు. కానీ రెండు ఇళ్లలోనూ పెద్దల వైపు లోపం ఉంది. ఒక ఇంట్లో విషయం దాచారు. ఇంకో ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ కాదనలేదు.

ఈ గుర్తులు గమనించండి

• ఒకరు తప్పు చేస్తే, ఎప్పుడూ ఇంకొకరే ఒప్పుకోవడం.
• తోబుట్టువు గదిలోకి రాగానే చిన్నవాడు మాట ఆపేయడం.
• "నీకంటే నేనంటేనే నాన్నకు ఇష్టం" అన్న మాట తరచూ వినిపించడం.
• డబ్బు, వస్తువులు, హోంవర్క్ ఒకరి నుంచి ఒకరికి రహస్యంగా చేరడం.

ఏం చేయాలి?

1. ఇద్దర్నీ విడివిడిగా వినండి. ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరవేయకండి.
2. "పెద్దదానివి, నువ్వే సర్దుకో" అనీ, "చిన్నవాడు, పోనీలే" అనీ తీర్పు చెప్పకండి. జరిగింది చూసి చెప్పండి.
3. మార్కులతో ఇద్దర్నీ పోల్చకండి. ఆ పోలికే తర్వాత బెదిరింపుకు పనికొస్తుంది.
4. "చెప్తే తిడతారు" అన్న భయం పోగొట్టండి. చెప్పిన రోజు శిక్ష వేయకండి.
5. సీరీస్ పెట్టే ముందు వయసు గుర్తు చూడండి. 2021 నిబంధనల ప్రకారం ఓటీటీల్లో యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అనే తరగతులు ఉంటాయి. 13+, అంతకు పైవాటికి పేరెంటల్ లాక్ ఉండాలి. దాన్ని వాడండి.

ఈ ఆదివారం అన్నాలయ్యాక పిల్లల్ని ఈ మూడు ప్రశ్నలు అడగండి: రుక్మిణి ముందుగా ఎవరితో చెప్పుకుని ఉంటే బాగుండేది? భీష్మకుడు ఏమని ఉండాల్సింది? మన ఇంట్లో నీకు ఇబ్బంది వస్తే ఎవరితో చెప్తావు? మూడో ప్రశ్నకు మీ పేరు రాకపోతే కోప్పడకండి. ఎవరి పేరు వచ్చిందో గుర్తుపెట్టుకోండి.

ఒక్క మాట. పిల్లవాణ్ణి "విలన్" అని మాత్రం పిలవకండి. కృష్ణుడు రుక్మిని చంపబోతే ప్రాణాలు కాపాడమని వేడుకున్నది రుక్మిణే. షెర్లాక్ కూడా చివరికి చెల్లెలి దగ్గరికి వెళ్లి, ఆమెతో కలిసి వయొలిన్ వాయిస్తాడు. తప్పు ఆపాలి, తోబుట్టువును వదులుకోకూడదు.

కొట్టడం, గాయపరచడం, భయంతో నిద్ర పట్టకపోవడం దాకా వస్తే ఆలస్యం చేయకండి. క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి, మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.