మెలనోమా: ముదిరేకొద్దీ మారే జన్యు వ్యక్తీకరణ

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాల్లో పుట్టే క్యాన్సర్ మెలనోమా. చర్మ క్యాన్సర్ మరణాల్లో ఎక్కువ భాగం దీనివల్లే.

సుమారు సగం మెలనోమాల్లో బీఆర్ఏఎఫ్ జన్యువులో ఉత్పరివర్తనం కనిపిస్తుంది. దీన్ని 2002లో గుర్తించారు. ముఖ్యమైన రకం వీ600ఈ: ప్రొటీన్‌లో 600వ స్థానంలోని వాలీన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరుతుంది. దాంతో కణ విభజన సంకేతం ఆగకుండా అందుతూనే ఉంటుంది. పరీక్ష రాసే అభ్యర్థులు పొరబడేది ఇక్కడే. హాని చేయని పుట్టుమచ్చల్లోనూ చాలావాటికి ఇదే మార్పు ఉంటుంది, అయినా అవి చాలావరకు క్యాన్సర్‌గా మారవు. పీ16 ప్రొటీన్ విభజనకు కళ్లెం వేస్తుంది కాబట్టి. దాన్ని తయారుచేసే సీడీకేఎన్2ఏ జన్యువు దెబ్బతింటే ఆ అడ్డు తొలగిపోతుంది.

ఇక జన్యు వ్యక్తీకరణ, అంటే జన్యువు నుంచి ప్రొటీన్ ఎంత తయారవుతుందన్న సంగతి. మెలనోసైట్‌ను చర్మపు పైపొరలో పక్కనున్న కెరాటినోసైట్ కణాలకు అంటిపెట్టి ఉంచేది ఈ-క్యాడ్హెరిన్ ప్రొటీన్. కణితి లోపలి పొర డెర్మిస్‌లోకి దిగేటప్పుడు దీని ఉత్పత్తి తగ్గి, ఎన్-క్యాడ్హెరిన్ పెరుగుతుంది. కణం పాత పొరుగును వదిలి, డెర్మిస్‌లోని కణాలతో జత కడుతుంది. ఇందుకు ఆ ప్రొటీన్ల జన్యువుల్లోని డీఎన్ఏ అక్షర క్రమం మారక్కర్లేదు, ఉత్పత్తి మోతాదు మారితే చాలు. ఉత్పరివర్తనానికీ వ్యక్తీకరణలో మార్పుకూ మధ్య ఉన్న ఈ తేడాను తప్పక గుర్తుంచుకోండి.

వీ600ఈని అడ్డుకునే వెమురాఫెనిబ్ మందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2011లో ఆమోదం తెలిపింది.