మా అమ్మ రొట్టెల బండి – మనకొక లెక్కల పాఠం



ఈ నెల గోడపత్రికకు ‘సొంత వ్యాపారం చేసే మహిళ’ అనే అంశం మీద రాయమన్నారు. నేను కూడా అందరిలాగే లైబ్రరీలో ఒక గొప్పావిడ జీవితచరిత్ర తీసి రెండు పేజీలు ఎక్కించాను. కానీ చదువుకుంటే నాకే నచ్చలేదు. నాకు బాగా తెలిసిన వ్యాపారం ఒకటే ఉంది. దాని గురించి ఇంతవరకు మా గదిలో వాళ్లకు కూడా చెప్పలేదు.

పోయిన ఏడాది మనం జగ్గయ్యపేట ధనబోడు స్తూపం చూడటానికి వెళ్లాం గుర్తుందా? తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి “అదుగోనే, జొన్నరొట్టెలు చేస్తున్నారు” అని ఒకరు అన్నారు. నేను తల దించుకుని చెప్పు సరిచేసుకుంటున్నట్టు కూర్చున్నాను. ఆ రొట్టెలు చేసేది మా అమ్మ. ఆ రోజు చేసిన తప్పుకు ఈ వ్యాసం రాస్తున్నాను అనుకోండి.

వ్యాపారం ఎలా మొదలైంది?

మాది పేట దగ్గర తండా. ఇంట్లో అమ్మను ‘యాడీ’ అంటాం. పెళ్లయిన దగ్గర నుంచీ అమ్మ మిరపకోతలకు, పత్తి తీతలకు వెళ్లేది. కోతలు ఉన్నన్నాళ్లు పని, తర్వాత దొరికితే దొరికినట్టు. మూడేళ్ల క్రితం ఎండలో కళ్లు తిరిగి రెండుసార్లు పడిపోయింది. అప్పుడు మా మేనత్త, “పేటలో జనం షుగరని జొన్నరొట్టె కోసం తిరుగుతున్నారు వదినా. నీకు పుట్టుకతో వచ్చిన పని అదేగా” అంది. అలా మొదలైంది.

రొట్టె చేయడంలో కూడా సైన్సు ఉంది. గోధుమపిండిలో గ్లూటెన్ అనే సాగే గుణం ఉన్న పదార్థం ఉంటుంది, జొన్నపిండిలో అది లేదు. అందుకని మరిగే నీళ్లు పోసి కలపాలి. ఆ వేడికి పిండిపదార్థం కొంచెం ఉడికి జిగురు పడుతుంది, రొట్టె తట్టేటప్పుడు విరగదు. కలిపి పెట్టేస్తే ఎండి అంచులు పగులుతాయి. కాబట్టి ఒక కిలో అయిపోయాకే ఇంకో కిలో కలపాలి. ఇది గుర్తు పెట్టుకోండి, లెక్కలో మళ్లీ వస్తుంది.

ఇక లెక్కకు వద్దాం

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఇంటికి వెళ్లేసరికి అమ్మానాన్నలకు రోజూ పోట్లాటే. అమ్మేమో గల్లాపెట్టెలోకి రోజుకు 1,350 రూపాయలు వస్తున్నాయి కాబట్టి వ్యాపారం బాగుందనేది. నాన్నేమో నెలాఖరుకు చేతిలో ఏమీ కనిపించడం లేదు కాబట్టి అంతా నష్టమే అనేవాడు. బండి అమ్మేసి ఇద్దరూ మళ్లీ కోతలకు పోదాం, పెద్దదాన్ని కూడా చదువు మాన్పించి తీసుకెళ్దాం అన్నాడు. పెద్దదంటే నేను. అప్పటికి తొమ్మిదో తరగతి పాసయ్యాను.

నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఎవరు వింటారు? లెక్కల నోట్సులో మిగిలిన తెల్ల కాగితాలు తీసి, ముప్ఫై రోజులు బండి దగ్గర కూర్చుని రాశాను. అమ్మ నవ్వింది. “రాస్తే ఏమొస్తుందే? ముందు ఆ రొట్టె తిరగెయ్యి, మాడిపోతోంది” అంది. నేను తిరగేస్తూనే రాశాను.

ఒక రోజు ఖర్చు ఇదీ:

జొన్నపిండి 6 కిలోలు, మర పట్టిన కూలితో – 300
గ్యాసు, కట్టెలు – 200
పప్పు, పచ్చడి – 150
కవర్లు, కాగితాలు – 30
ఆటో రానుపోను – 60
బండి పెట్టే చోటుకు, దీపానికి – 40
మొత్తం – 780 రూపాయలు

కిలోకు 15 రొట్టెల చొప్పున 90 రొట్టెలు. ఒక్కోటి 15 రూపాయలు. అన్నీ అమ్ముడైతే 1,350. ఖర్చు పోగా 570 మిగిలింది. దీన్నే లాభం అనుకుంటాం. కానీ కాదు.

అమ్మ మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పది దాకా పని చేస్తుంది. అదే కూలికి పోతే 350 వచ్చేది. ఎవరినైనా పెట్టుకుంటే ఆ 350 ఇవ్వాలి. మన అమ్మ గనుక ఇవ్వక్కర్లేదు అనుకోవడమే పెద్ద తప్పు. ఆడవాళ్లు చేసే పనికి కూలి రాయకపోతే ఏ వ్యాపారమైనా లాభంగానే కనిపిస్తుంది. కాబట్టి 780కి 350 కలపాలి. అప్పు మీద రోజుకు 10 రూపాయలు వడ్డీ పడుతోంది, అదీ కలపాలి. మొత్తం 1,140.

1,140ని 15తో భాగిస్తే 76. అంటే 76 రొట్టెలు అమ్మే దాకా అమ్మ లాభం చూసినట్టు కాదు. 77వ రొట్టె నుంచే లాభం. మొత్తం 90 అమ్మితే లాభం 210. 72 మాత్రమే అమ్మితే 60 రూపాయలు నష్టం. నేను రాసిన 30 రోజుల్లో 11 రోజులు అమ్మకం 76 దాటలేదు. ఆ రోజుల్లో మిగిలిన రొట్టెలు మేమే తిన్నాం, ఇంటి చుట్టుపక్కల పంచాం. అమ్మ చెప్పిందీ, నాన్న చెప్పిందీ రెండూ సగం సగం నిజాలే అని అప్పుడు తేలింది.

మందు కూడా లెక్కలోనే దొరికింది. రాత్రి ఎనిమిది దాటాక అడిగినవాళ్లకే పిండి కలపాలి. ముందే చేసి పేర్చకూడదు. అంతే, మిగుళ్లు తగ్గిపోయాయి.

అప్పు సంగతి

బండికి, పెనానికి అమ్మ డైలీ ఫైనాన్సులో 10,000 తీసుకుంది. కాగితం మీద 10,000, చేతికిచ్చింది 9,000. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. “వెయ్యి రూపాయలేగా వడ్డీ” అనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం.

రోజూ కడుతూ ఉంటే ఆ 9,000 మన దగ్గర వంద రోజులూ ఉండదు. మొదటి రోజు 9,000, చివరి రోజు దాదాపు సున్నా. సగటున మన దగ్గర ఉన్నది 4,500 మాత్రమే. 4,500కి వంద రోజులకు 1,000 వడ్డీ అంటే ఏడాదికి నూటికి సుమారు 80 రూపాయలు! పైగా వంద రోజులు కాగానే అమ్మ మళ్లీ తీసుకునేది.

మా తండాలో పొదుపు సంఘం ఉంది. “మీటింగులకు ఎవరు పోతారు, బేరం పోతుంది” అని అమ్మ చేరలేదు. ఈ లెక్క చూశాక చేరింది. ఆరు నెలలు పొదుపు కట్టాక సంఘం డబ్బులోంచి 9,000 ఇచ్చారు. నూటికి నెలకు రూపాయి వడ్డీ, పది నెలల్లో నెలకు 900 చొప్పున అసలు తీర్చాలి. వడ్డీ మొదటి నెల 90, తర్వాత 81, 72... అలా తగ్గి చివరి నెల 9. అన్నీ కూడితే 495. అదే పది నెలలకు డైలీ ఫైనాన్సు మూడుసార్లు తీసుకుంటే 3,000. తేడా 2,505 రూపాయలు. నా నోటుపుస్తకాలు, పెట్టె, దారి ఖర్చులు అన్నీ అందులోనే వెళ్తాయి.

ఈ సంఘాలు ఊరికే రాలేదు

గ్రామీణ ప్రాంతాల మహిళా శిశు అభివృద్ధి పథకం, అంటే డ్వాక్రా, 1982లో మొదలైంది. ఆ పథకం 1999లో వేరే పథకంలో కలిసిపోయినా మన ఊళ్లలో ఇప్పటికీ సంఘాన్ని డ్వాక్రా అనే పిలుస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం అక్కడి నుంచి బలపడింది. అదే 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించే పని 500 సంఘాలతో మొదలుపెట్టింది. 2004లో మన రాష్ట్రంలో పావలా వడ్డీ పథకం వచ్చింది.

తాకట్టు పెట్టడానికి ఆడవాళ్ల పేరు మీద పొలమూ ఇల్లూ ఉండవు. సంఘంలో ఒకరికొకరు హామీ. అందుకే ఇది అంత పనికొచ్చింది. ఇంకో సంగతి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మన గిరిజనులకు తనంతట తాను వర్తించదు. 2025 జూలైలో ఒక గిరిజన కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, ఆడవాళ్లకు వాటా లేదని చెప్పే ఆచారం రుజువు కానప్పుడు వాళ్లకూ సమాన వాటా ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఇది మనమందరం తెలుసుకోవాలి.

సంఘం పేరు చెప్పి వచ్చే అప్పులన్నీ మంచివని కూడా కాదు. వారం వారం వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోయాయని 2010 అక్టోబరులో ప్రభుత్వం మైక్రోఫైనాన్సు కంపెనీల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఏ అప్పు అయినా ముందు పైన చెప్పినట్టు సగటు లెక్క వేసుకోవాలి. ఒక్కరే వ్యాపారం చేసేవాళ్లకు 2015లో వచ్చిన ముద్ర పథకం కింద తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు ఉంది. అందులో మొదటి మెట్టు ‘శిశు’, 50,000 దాకా.

అప్పడాల లిజ్జత్ సంగతి చాలామందికి తెలియదు. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తారు. ఇవాళ అందులో వేలమంది ఉన్నారు. పని చేసేవాళ్లే యజమానులు.

కష్టాలు

1. డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? బండికి అంటించిన స్కానర్ స్టిక్కరు నాన్న ఫోనుది. రొట్టె అమ్మది, డబ్బు నాన్న ఖాతాకు. నాన్న చెడ్డవాడని కాదు, కానీ నూనె కొనాలన్నా అమ్మ అడుక్కోవాల్సి వచ్చేది. సంఘం కోసం అమ్మ పేర ఖాతా తెరిచాక స్టిక్కరు మార్చాం. ఫారం మీద వేలిముద్ర వద్దని, సంతకం నేనే నేర్పాను. నాలుగు రోజులు పట్టింది. పిండిలో వేలితో రాసి నేర్చుకుంది.

2. చోటు. బండి తీయమని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. చట్టం ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

3. వానలు. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అంతే. బస్సుల్లేవు, బేరం లేదు. డైలీ ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగలేదు.

4. అరువు. “రేపిస్తా” అనేవాళ్లకు అమ్మ కాదనలేదు. ఇప్పుడు నేను రాసిన అట్టముక్క వేలాడదీసింది.

5. రెండు పనులు. మగవాడు బేరం ముగించి ఇంటికొస్తే విశ్రాంతి. అమ్మ వచ్చాక గిన్నెలు తోముతుంది. ఇది ఇంకా మారలేదు, కొంచెం మారింది. నాన్న ఇప్పుడు నీళ్లు తెస్తున్నాడు, పిండి మర పట్టించుకొస్తున్నాడు.

ఫలితాలు

ఎండలో పడిపోవడం తప్పింది. పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్లకు ఇద్దరిని కూలికి పెట్టుకుని బండి తీసుకెళ్లింది. జీవితమంతా కూలి తీసుకున్న మనిషి, మొదటిసారి కూలి ఇచ్చింది. “చేతిలో పెడుతుంటే చెయ్యి వణికింది” అని చెప్పింది. అన్నిటికన్నా పెద్ద ఫలితం, జూన్‌లో నన్ను హాస్టల్లో దింపడానికి అమ్మే వచ్చింది. రిజిస్టరులో సంతకం పెట్టింది. వార్డెన్ మేడం గారు చూశారు.

ఈ ప్రశ్నలు మీరూ చేయండి

1. రొట్టె ధర 18 చేస్తే అమ్మకం 75కు తగ్గిందనుకోండి. లాభమా, నష్టమా? (పిండి 5 కిలోలే పడుతుంది. మిగతా ఖర్చులు మారవు.)
2. చేతికి 18,000 ఇచ్చి, రోజుకు 200 చొప్పున 100 రోజులు కట్టమన్నారు. ఏడాదికి నూటికి ఎంత వడ్డీ?
3. సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంట్లో అమ్మ చేసే పనికి కూలి కట్టి రాసుకు రండి.

జవాబులు వచ్చే నెల గోడపత్రికలో రాస్తాను. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

ఈసారి పేట మీదుగా వెళ్తే బస్సు ఆపమని డ్రైవరు గారికి నేనే చెబుతాను. మా అమ్మ బండి దగ్గర అందరూ తినొచ్చు. అయితే ఒక మాట, అట్టముక్క మీద రాసింది నేనే గనుక చెబుతున్నా, అరువు లేదు.

– 10వ తరగతి విద్యార్థిని