పాతబస్తీ మసీదుల బాటలో ఏం చూడాలి?

భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్యఖుర్ఆన్ అనేక చోట్ల ఆదేశిస్తుంది. గుణపాఠం కోసం వెతికే కళ్ళతో చూడమని దాని భావం. మరోవైపు, ప్రత్యేక పుణ్యాన్ని ఆశించి ప్రయాణం కట్టవలసిన మసీదులు మూడే ఉన్నాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. అవి మక్కాలోని మస్జిదె హరామ్, మదీనాలోని మస్జిదె నబవీ, జెరూసలేంలోని మస్జిదె అఖ్సా. కనుక హైదరాబాద్ పాతబస్తీ కట్టడాలను చూడటానికి జిల్లాల నుండి వచ్చే మన సోదరులు, సోదరీమణులు ముందుగా తమ సంకల్పాన్ని సరిచేసుకోవాలి. ఇక్కడి ఏ రాతిని తాకినా, ఏ గుమ్మం దాటినా అదనపు పుణ్యమేదీ రాదు. మన పూర్వీకులు ఏం కట్టారు, ఏ ఉద్దేశంతో కట్టారు, ఆ సొమ్ము ఎక్కడిది, ఇప్పుడు అవి ఏ స్థితిలో ఉన్నాయి అని తెలుసుకోవడానికే ఈ నడక. ఈ ప్రశ్నలు లేకుండా తిరిగితే మిగిలేవి గాజులు, ఫోటోలు మాత్రమే.

నయాపుల్ నుండి చార్మినార్ వరకు దూరం ఎక్కువేమీ కాదు. ఫజ్ర్ నమాజు తర్వాత బయలుదేరితే రద్దీ పెరగకముందే చాలావరకు చూడవచ్చు. శుక్రవారం, రమజాన్ సాయంత్రాలు ఈ పనికి తగవు.

వైద్యశాల, వక్ఫ్ భవనం

చాలామంది నేరుగా చార్మినార్‌కు వెళ్ళిపోతారు. మేము మాత్రం దారుల్‌షిఫాతో మొదలుపెట్టమంటాము. నగర స్థాపకుడైన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో దీనిని కట్టించాడు. విశాలమైన ముంగిలి, దాని చుట్టూ రెండంతస్తుల గదులు. అక్కడ రోగులకు యూనానీ వైద్యం అందేది, విద్యార్థులకు వైద్యశాస్త్ర బోధన కూడా జరిగేది. పక్కనే మసీదు. నగరానికి పునాది పడిన నాలుగేళ్ళకే ఒక ఆసుపత్రి! దైవారాధన, దైవదాసుల సేవ ఒకే ఆవరణలో ఉండాలన్న అవగాహన ఇందులో కనిపిస్తుంది. ఆనాటి వైద్యశాల ఈనాడు లేదు. మిగిలిన కట్టడం శిథిలమై ఉంది. ఆ పేట పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. ఆ పేరుకు 'ఆరోగ్య నిలయం' అని అర్థమని అందులో నివసించేవారిలో ఎందరికి తెలుసో!

తిరిగి ప్రధాన రహదారికి వస్తే మదీనా చౌరస్తా. ఇక్కడి హోటల్, బట్టల దుకాణాలు అందరికీ తెలుసు. అయితే ఆ పేరుగల భవనం ఒక వక్ఫ్ అన్నది చాలామందికి తెలియదు. దుకాణాల మీద వచ్చే అద్దె పుణ్యనగరం మదీనాలోని పేదలకు చేరాలన్నది దానిని కట్టించిన వారి సంకల్పం. వక్ఫ్ అంటే ఆస్తి మూలాన్ని అమ్మకుండా, పంచకుండా నిలిపి ఉంచి, దాని ఫలాన్ని ఎల్లకాలం దైవమార్గంలో వినియోగించడం. ఖైబర్‌లో తనకు లభించిన భూమి విషయమై హజ్రత్ ఉమర్ (రజి) సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (స) చూపిన మార్గం ఇదే. ఆయన ఆ భూమిని పేదలకు, బంధువులకు, బాటసారులకు అంకితం చేశారు. పాఠంగా చదివితే పొడిగా ఉండే ఈ విషయం, మదీనా చౌరస్తాలో నిలబడి ఆ దుకాణాల వరుసను చూస్తే సులభంగా అర్థమవుతుంది.

దగ్గరలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. 1594 నాటి ఈ కట్టడంలో ముహర్రం రోజుల్లో షియా సోదరులు ఇమామ్ హుసైన్ (రజి) అమరత్వాన్ని స్మరించుకుంటారు. దీని గోడలకు పొదిగిన రంగురంగుల మెరుగు పలకలు దక్కన్ కళలో పేరెన్నికగన్నవి. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద వాటిలో కొంత భాగాన్ని పాడుచేసింది. ఆ ఆచారాలతో అందరూ ఏకీభవించకపోవచ్చు. అయినా అక్కడ అడుగుపెట్టినవారు వాదానికి దిగకుండా మర్యాద పాటించడం మన ధర్మం నేర్పే సంస్కారమే. పాతబస్తీ నడక ఎవరినీ ఖండించడానికి తగిన చోటు కాదు.

నాలుగు కమాన్లు, ఒక అపోహ

పత్థర్‌గట్టీ దాటగానే చార్ కమాన్ వస్తాయి. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు, మధ్యలో గుల్జార్ హౌజ్. పడమటి కమాను పేరును ఇప్పుడు 'షేరె బాతిల్' అంటున్నారు గానీ అసలు మాట 'సెహ్రె బాతిల్', అంటే చేతబడిని వమ్ముచేసేది. ఆ దారిన రాజభవనంలోకి వెళ్ళేవారి మీద మంత్రతంత్రాలు పనిచేయకుండా దీనికి శక్తి ఉండేదని కథలున్నాయి. కథను కథగానే వినాలి. కీడు నుండి కాపాడే శక్తి ఏ కమానుకూ, ఏ తాయెత్తుకూ లేదు. దానికోసం దైవప్రవక్త (స) నేర్పినవి ఫలఖ్, నాస్ సూరాలు. పిల్లల్ని వెంట తెచ్చినవారు ఆ కమాను కిందనే ఈ మాట చెప్పాలి. వాళ్ళకు బాగా గుర్తుంటుంది.

చార్మినార్‌కు ఈశాన్యంగా, దుకాణాల మరుగున జామె మసీదు ఉంది. 1597లో కట్టిన ఈ మసీదు పక్కనుండే రోజూ వేలమంది పోతుంటారు. మక్కా మసీదు లేని కాలంలో నగరవాసులు జుమా నమాజుకు చేరిన చోటు ఇది. ఇక్కడ ఆగి, వుజూ చేసుకుని, రెండు రకాతుల తహియ్యతుల్ మస్జిద్ నమాజు చేయడం మంచిది. మసీదులోకి వెళ్ళినవారు కూర్చునే ముందు ఆ రెండు రకాతులు చేయాలన్నది హదీసు ఆదేశం. కెమెరా తరువాత తీయవచ్చు.

చార్మినార్ సంగతి అందరికీ తెలిసిందే కనుక ఒక్క విషయమే చెబుతాము. 1591లో, హిజ్రీ శకం వెయ్యో సంవత్సరంలోకి అడుగుపెడుతున్న వేళ కట్టిన ఈ కట్టడం పైఅంతస్తులో పడమటి వైపున ఒక మసీదు ఉంది. మినార్ల లోపల పైకి 149 మెట్లు. కొత్త రాజధాని నడిబొడ్డున, నాలుగు బాటల కూడలిలో, అన్నింటికన్నా ఎత్తున సజ్దా చేసే చోటును ఉంచారు. నగర నిర్మాణానికి రూపకల్పన చేసిన పీష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ పండితుడు కూడా. ఆయన సమాధి సుల్తాన్‌షాహీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది.

మక్కా మసీదు

ఈ నడకలో ఎక్కువసేపు గడపవలసిన చోటు ఇదే. 1617లో ముహమ్మద్ ఖుతుబ్ షా కాలంలో పని మొదలైంది. పునాదిరాయి గురించి ఒక కథనం తరతరాలుగా వస్తోంది. ఏనాడూ నమాజు తప్పనివారే రాయి వేయాలని సుల్తాన్ ప్రకటించాడట. సమావేశమైన పండితుల్లో, పెద్దల్లో ఎవరూ ముందుకు రాలేదట. పన్నెండేళ్ళ వయసు నుండి అర్ధరాత్రి తహజ్జుద్ నమాజు కూడా తప్పలేదని చెప్పి చివరికి సుల్తానే రాయి వేశాడట. ఇది చరిత్రా, జనశ్రుతా అన్న చర్చ ఎలా ఉన్నా, అందులోని ప్రమాణం గమనించదగింది. మసీదులను నిజంగా వర్ధిల్లజేసేవారు అల్లాహ్‌ను, అంతిమదినాన్ని విశ్వసించి, నమాజును నెలకొల్పి, జకాత్ ఇచ్చేవారేనని తౌబా సూరా తెలుపుతుంది. ఈ రోజుల్లో శంకుస్థాపన ఫలకం మీద ఎవరి పేర్లు, ఏ అర్హతతో ఎక్కుతున్నాయో పాఠకులకు చెప్పనవసరం లేదు.

17వ శతాబ్దం మధ్యలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ పనిని కళ్ళారా చూశాడు. నమాజు దిశను చూపే మెహరాబు భాగానికి ఉద్దేశించిన బండను గని నుండి తొలచడానికే అయిదేళ్ళు పట్టిందని, అయిదారు వందలమంది అందులో పనిచేశారని, దానిని లాగడానికి 1400 ఎద్దులను కట్టారని తనకు చెప్పినట్లు రాశాడు. ఆ కూలీల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. కానీ లెక్కల దినాన వారి కూలి సంగతి కూడా అడగబడుతుంది. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న బోధను మసీదు కట్టేవారే మరిస్తే ఎలా?

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. మసీదు ఇంకా పూర్తికాలేదు. పని ఆగిపోవచ్చు, కానీ ఆగలేదు. షియా సుల్తానులు మొదలుపెట్టిన మసీదును, వారి రాజ్యాన్ని అంతం చేసిన సున్నీ చక్రవర్తి 1694లో పూర్తిచేయించాడు. రాజ్యం కోసం పోరాడినవారు ఖిబ్లా విషయంలో ఒక్కటే. ఈనాడు ఒకే వీధిలో రెండు వర్గాలకు రెండు మసీదులు లేస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

లోపలి హాలు మూడు వైపులా అయిదేసి తోరణాలతో, దాదాపు 75 అడుగుల ఎత్తుతో ఉంటుంది. అలంకరణ తక్కువ. మధ్య తోరణంలో మక్కా మట్టితో చేసిన ఇటుకలు వాడారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. మస్జిదె నబవీని విస్తరించినప్పుడు జనానికి వాన తగలకుండా నీడ కల్పించమని, రంగులతో వారి దృష్టిని మళ్ళించవద్దని హజ్రత్ ఉమర్ (రజి) హెచ్చరించారు. ఆ దృష్టితో చూస్తే ఈ నిరాడంబరమైన రాతి హాలు, మెరిసే టైల్సు, జూమర్లతో నిండిన ఎన్నో కొత్త మసీదులకన్నా సున్నత్‌కు దగ్గరగా ఉందని మా అభిప్రాయం.

ముంగిట్లో ఆసఫ్‌జాహీ పాలకుల సమాధుల వరుస ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఇక్కడ ఖననమయ్యారు. ఏడవ నిజాం సమాధి కింగ్ కోఠిలోని మస్జిదె జూదీలో ఉంది. ఆయన మనవడు ముకర్రం జాను 2023 జనవరిలో మళ్ళీ ఇక్కడే ఖననం చేశారు. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుంది కనుక దానికి అనుమతి ఉంది. సమాధిలోనివారి మన్నింపు కోసం అల్లాహ్‌ను వేడుకోవాలి, వారిని ఏమీ అడగరాదు. అలాగే కొలను దగ్గరి రాతి బల్ల మీద కూర్చున్నవారు తప్పక మళ్ళీ హైదరాబాద్ వస్తారన్న నమ్మకం ఉంది. అలసిపోతే కూర్చోండి, అంతకుమించి ఏమీ లేదు.

ఇదే ముంగిట్లో 2007 మే 18న జుమా సమయంలో బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో అయిదుగురు మరణించారు. విచారణకు నిలిచిన అయిదుగురినీ 2018 ఏప్రిల్‌లో న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. చనిపోయినవారి కోసం ఇక్కడ ఒక్క నిమిషం దుఆ చేయండి.

హిందూ, క్రైస్తవ మిత్రులను వెంట తీసుకువెళ్ళవచ్చా అని కొందరు అడుగుతుంటారు. తప్పక తీసుకువెళ్ళవచ్చు. తాయిఫ్ నుండి వచ్చిన సఖీఫ్ తెగ ప్రతినిధులకు దైవప్రవక్త (స) మస్జిదె నబవీలోనే బస కల్పించారు. అప్పటికి వారు ఇస్లాం స్వీకరించలేదు. నమాజు వేళ అడ్డురాకుండా, దుస్తుల మర్యాద పాటిస్తే చాలు. పైగా ఈ నగరాన్ని కట్టిన వంశం తెలుగువారికి పరాయిది కాదు. ఇబ్రహీం ఖుతుబ్ షాకు అద్దంకి గంగాధర కవి తెలుగు కావ్యాన్ని అంకితమిచ్చాడు. ఖుతుబ్ షాహీల ఫర్మానాలు పారసీతోపాటు తెలుగులోనూ వెలువడ్డాయి.

ఒక దమ్డీ లెక్క

ఇంకా ఓపిక ఉన్నవారు ఆటోలో కార్వాన్ వెళ్ళి తోలి మసీదు చూడాలి. అబ్దుల్లా ఖుతుబ్ షా వద్ద అధికారి అయిన మూసా ఖాన్ 1671లో దానిని కట్టించాడు. ఎత్తైన అరుగు, ముందు అయిదు తోరణాలు, సన్నని చెక్కడపు పని. దీనికి దమ్డీ మసీదు అని కూడా పేరు. మక్కా మసీదు పనులకు ఖర్చయ్యే ప్రతి రూపాయి మీద ఒక దమ్డీ చొప్పున మూసా ఖాన్‌కు ముట్టేదని, ఆ పోగుతోనే ఈ మసీదు లేచిందని చెబుతారు. దమ్డీ అంటే పైసాలో చిన్న భాగం.

ఇక్కడ ధర్మశాస్త్ర ప్రశ్న ఒకటి ఉంది. దైవకార్యానికి కేటాయించిన సొమ్ములో నుండి కొంత తీసుకోవడం సమ్మతమేనా? జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక ఉద్యోగి, "ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చింది" అన్నట్లు మాట్లాడినప్పుడు దైవప్రవక్త (స) మింబరెక్కి తీవ్రంగా మందలించారు. ముందుగా నిర్ణయించి, యజమానికి తెలియజేసి తీసుకున్నది వేతనం. దాచి తీసుకున్నది గులూల్, అంటే ద్రోహం. మూసా ఖాన్ దమ్డీ సుల్తాన్ అనుమతితోనే తీసుకున్నాడని ప్రచారంలో ఉన్న కథనం. మన మసీదు కమిటీలలో చందా పుస్తకం రాసేవారు, సిమెంటు, ఇసుక కొనేవారు, కాంట్రాక్టరుతో మాట్లాడేవారు ఈ రెండు మాటల మధ్య గీత ఎక్కడుందో లెక్కల పుస్తకం తెరిచే ముందే ఉలమాలను అడిగి తెలుసుకోవాలి.