సెకండ్ హ్యాండ్ మంచుబండి: ఇంజన్ ఒక్కటే చూస్తే చాలదు

టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ తేడాలు పట్టిక గీసి రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనమంతా. ఆ పట్టిక మీద ఒక మనిషి కూడబెట్టుకున్న డబ్బు, ఒక్కోసారి ప్రాణం కూడా ఆధారపడే చోటు ఒకటుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవినా ద్వీపకల్పం. ఏటా సగటున 5 మీటర్లకు పైగా మంచు పడుతుందక్కడ. మా పెదనాన్నగారి అబ్బాయి ఆ ప్రాంతంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన చలికాలం పాత స్నోమొబైల్ కొంటానంటూ, "నువ్వు మెకానికల్ కదరా, కాస్త చూసి పెట్టు" అని నాకు పని అప్పజెప్పాడు. నేను మంచు మొహం చూసినవాణ్ణి కాదు. మాన్యువళ్లు చదివి, వీడియో కాల్‌లో అన్నయ్యతో బండ్లు తిప్పి తిప్పి చూపించుకుని నేర్చుకున్నదే ఈ పాఠం. ఇకపై దాన్ని మంచుబండి అనే అంటాను.

బండి సంగతి

ముందు రెండు స్కీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా. ఇంజన్ శక్తి మన స్కూటీలో లాగే సీవీటీ బెల్టు ద్వారా వెనక్కి వెళ్లి పట్టాను తిప్పుతుంది. చాలా బండ్లలో మనకు తెలిసిన రేడియేటర్ ఉండదు. పట్టా పైన ఉండే అల్యూమినియం గొడుగులాంటి భాగాన్ని టన్నెల్ అంటారు. దాని అడుగున గొట్టాల్లో కూలెంట్ పారుతుంది. పట్టా ఎగజిమ్మిన మంచే దాన్ని చల్లబరుస్తుంది. పట్టా జారే ప్లాస్టిక్ పట్టీలకు తడి ఇచ్చేదీ ఆ మంచే. అందుకే గట్టి ఐసు మీద ఎక్కువసేపు నడిపితే ఇంజన్ వేడెక్కుతుంది, పట్టీలు అరుగుతాయి. ఐసును గీకి పొడి లేపే స్క్రాచర్లు ఉన్నాయో లేదో చూడమనేది ఇందుకే.

ఫోర్ స్ట్రోకే ఎందుకు?

మన నాన్నల తరం ముచ్చటపడ్డ ఆర్‌ఎక్స్ 100 గుర్తుందిగా? తేలిక, చురుకు, పొగ. మంచులోనూ టూ స్ట్రోక్ గుణం అదే. లోతైన మంచులో, కొండల మీద బరువు తక్కువ బండే గెలుస్తుంది కాబట్టి అక్కడ ఇప్పటికీ టూ స్ట్రోక్‌దే రాజ్యం. కానీ అన్నయ్య తిరగాలనుకున్నది యంత్రాలతో చదును చేసిన ట్రెయిల్స్ మీద. మిషిగన్‌లోనే అవి 6,000 మైళ్లకు పైగా ఉన్నాయి. అక్కడ బరువు అంత ఇబ్బంది కాదు. ఇంజన్ ఆయిల్ కాల్చదు, చప్పుడు తక్కువ, మైలేజీ ఎక్కువ, ఆయుష్షు ఎక్కువ. అయితే పెద్ద ఇంజన్ బండి, ట్యాంకు నిండితే 300 కిలోల దాకా తూగుతుంది. దారి పక్క మెత్తటి మంచులో దిగబడితే ఒక్కడే లేపలేడు.

పొగ, చప్పుడు తగ్గించే పని మనలాంటి విద్యార్థులు కూడా చేస్తున్నారు. 2000లో మొదలైన ఎస్‌ఏఈ క్లీన్ స్నోమొబైల్ ఛాలెంజ్ తర్వాత హౌటన్‌లోని మిషిగన్ టెక్‌కు చేరింది. ఆసక్తి ఉన్నవాళ్లు వెతికి చూడండి.

ముందు దూరం లెక్క

బండి కన్నా ముందు బంకుల మధ్య దూరం చూసుకోవాలి. ఉదాహరణకు 35 లీటర్ల ట్యాంకు, లీటరుకు 6 కి.మీ. అనుకుందాం. 210 కి.మీ. వస్తుంది. ఎదురుగాలి, కొత్త మంచు, దారి తప్పడం కోసం అయిదో వంతు పక్కన పెడితే మిగిలేది 168. అదే ట్యాంకుతో లీటరుకు 4.5 ఇచ్చే పాత టూ స్ట్రోక్ అయితే 126. మధ్యలో ఫోన్ సిగ్నల్ లేని అడవి, మైనస్ 20 చలి. ఆ 42 కి.మీ. తేడా విలువ అక్కడ తెలుస్తుంది.

సంతలో దొరికేవి

యమహా తన ఆర్1 బైకు ఇంజన్ ఆధారంగా చేసిన 998 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్‌తో 2003 మోడల్‌గా ఆర్‌ఎక్స్-1 తెచ్చింది. అందులో కార్బురేటర్లు. 2006లో వచ్చిన ఏపెక్స్‌లో ఫ్యూయెల్ ఇంజెక్షన్. గడ్డకట్టే చలిలో స్టార్ట్ చేయడానికి ఇంజెక్షనే హాయి. స్కీ-డూ బండ్లలో రోటాక్స్ ఇంజన్లుంటాయి. 600 ఏస్ సుమారు 60 హార్స్‌పవర్, 900 ఏస్ సుమారు 90, 1200 సుమారు 130. నెమ్మదిగా, దూరం పోయేవాడికి 900 ఏస్ చక్కగా సరిపోతుందని నా లెక్క. 2025 మోడల్ తర్వాత ఉత్తర అమెరికాలో మంచుబండ్లు అమ్మనని యమహా 2023లో ప్రకటించింది. కాబట్టి యమహా కొనేటప్పుడు దగ్గర్లో సర్వీసు చేసేవాళ్లెవరో ముందే కనుక్కోవాలి.

ఏం చూడాలి?

1. చల్లటి ఇంజన్. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పాలి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. పెద్ద ఫోర్ స్ట్రోక్ బండ్లలో చాలావాటికి తాడు లాగి స్టార్ట్ చేసే వీలు లేదు. బ్యాటరీ పోతే బండి ఆగినట్టే.

2. ఆయిల్. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే కూలెంట్ కలుస్తోందేమోనని అనుమానించాలి. వాల్వ్ క్లియరెన్స్ ఎప్పుడు చూపించారో బిల్లు అడగాలి.

3. పట్టా. వెనక భాగం లేపి చేత్తో తిప్పాలి. చిరుగులు, ఊడిన రబ్బరు పళ్లు, విరిగిన అడ్డకడ్డీలు కనిపిస్తాయి. ఐసు పట్టు కోసం మేకులు కొట్టి ఉంటే టన్నెల్ కిందకి టార్చి వేసి చూడాలి. అవి కూలెంట్ గొట్టాలకు తగిలి చిల్లు పెట్టగలవు.

4. చక్రాలు, స్కీలు. చిన్న చక్రాలు ఊపితే కదిలాయంటే బేరింగులు పోయినట్టు. స్కీల కింద కార్బైడ్ పట్టీలు అరిగితే మలుపులో బండి మాట వినదు.

5. హ్యాండిల్ హీటర్లు. విలాసం అనుకోకండి. వేళ్లు మొద్దుబారితే బ్రేకు నొక్కలేం.

6. కాగితాలు. బండి మీద కొట్టిన నంబరు, రిజిస్ట్రేషన్‌లో నంబరు ఒకటేనా?

రెండు బండ్లు

చివరికి రెండు మిగిలాయి, ధర దాదాపు సమానం. ఒకటి 4,000 కి.మీ. మాత్రమే తిరిగింది. కానీ కొన్నేళ్లుగా టార్పాలిన్ కింద ఆరుబయటే పడి ఉంది. ట్యాంకులో పాత పెట్రోలు, ఎయిర్ బాక్సులో ఎలుక గూడు. రెండోది 14,000 కి.మీ. తిరిగింది. యజమాని ఒక్కడే, షెడ్డులో పెట్టాడు, ఆయిలు మార్చిన ప్రతి తేదీకీ బిల్లుంది, పాత బెల్టు స్పేరుగా డిక్కీలో ఉంది. అన్నయ్యకి మీటరు మీద మనసు పోయింది. నేను రెండోదే తీసుకోమన్నాను. శ్రద్ధగా చూసుకున్న ఫోర్ స్ట్రోక్‌కి 14,000 పెద్ద వయసు కాదు. తిరగకుండా పడున్న బండిలో సీళ్లు ఎండుతాయి, ఇంజెక్టర్లు జిగురు పడతాయి, వైర్లు ఎలుకల పాలవుతాయి. వాటి జాడ మీటరులో ఎక్కడా ఉండదు.

అన్నయ్య అదే కొన్నాడు. కొన్న వారంలోనే కొత్త బ్యాటరీ, కొత్త బెల్టు వేయించాడు. వాటి ఖర్చు బేరంలోనే తగ్గించుకున్నాడులెండి.

సెలవుల్లో మీలో ఎవరైనా సెకండ్ హ్యాండ్ బైకు కొంటుంటే, మీటరు చూసే ముందు సర్వీసు బిల్లులు అడగండి. "పోయాయి బాబూ" అన్నాడంటే, ధర ఎంత తగ్గించాలో ఆ మాటే చెప్తుంది.