పురిటికొచ్చే కూతురు, పుట్నాలు అనే పిల్లి

సమస్య

మాది కొవ్వూరు. నా వయసు 57. మా వారు రిటైరై మూడేళ్ళయింది. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. రెండేళ్ళ కిందట అమ్మాయి పెళ్ళి చేశాం. ఇప్పుడు దానికి ఆరో నెల. ఏడో నెల రాగానే సీమంతం చేసి పురిటికి తెచ్చుకోవాలి. తొలి కాన్పు. ఎంత సంతోషంగా ఉండాల్సిన రోజులివి! నాకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. కారణం మా ఇంట్లో ఉన్న పిల్లి.

నాలుగేళ్ళ కిందట వానాకాలంలో కాలవగట్టు మీద తడిసి అరుస్తుంటే, అరచేతిలో పట్టేంత పిల్లను మా అమ్మాయే ఇంటికి తెచ్చింది. ఒళ్ళంతా పుట్నాల పప్పు రంగు. అందుకే పుట్నాలు అని పేరు పెట్టింది. మొదట్లో వద్దని గోల చేసింది నేనే. అమ్మాయి అత్తారింటికి వెళ్ళాక అది మా వారికి అతుక్కుపోయింది. తెల్లవారుజామున ఐదింటికి మంచం పక్కకొచ్చి, గోళ్ళు లోపలికి ముడుచుకుని ఆయన చేతి మీద మెల్లగా తడుతుంది. ఆయన లేచి గేటు తీసి పాలపాకెట్టు తెచ్చేదాకా కాళ్ళలో కాళ్ళు పెట్టి తిరుగుతుంది. పేపరు పరిస్తే పేపరు మీదే పడుకుంటుంది. ఆయన దాన్ని లేపరు. అది లేచాకే ఆ పేజీ చదువుతారు.

పది రోజుల కిందట మా వియ్యపురాలు ఫోన్ చేశారు. "వదినగారూ, పిల్లి తిరిగే ఇంటికి కడుపుతో ఉన్న పిల్లని ఎలా పంపమంటారు? మా వాళ్ళలో ఒకమ్మాయికి గర్భం పోతే పిల్లి వల్లేనన్నారు. దాని వెంట్రుక కడుపులోకి పోతే ప్రమాదమట. రేపు బిడ్డ పుట్టాక గుండె మీద కూర్చుని ఊపిరి తీసేస్తుందట. దాన్ని పంపించేశాకే పిల్లని తీసుకెళ్ళండి" అన్నారు. ఒకప్పుడు వీడియో కాల్ చేస్తే ముందు పుట్నాలుని చూపించమనే అమ్మాయి కూడా ఇప్పుడు, "అమ్మా, నువ్వే ఏదో ఒకటి చూడు" అంటోంది. గోనెసంచిలో వేసి గోదావరి అవతల చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వస్తానని పక్కింటి అబ్బాయి రెండుసార్లు అడిగాడు. మా వారు అంతా విని, "నీ ఇష్టం" అన్నారు. ఆ రాత్రి కంచంలో పెట్టిన అన్నం సగం అలాగే వదిలేశారు.

పుట్నాలుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. టీకాలు మొదటి రెండేళ్ళు వేయించాం, తర్వాత కుదరలేదు. రాత్రి గోడ దూకి ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది. పెరుగన్నం, చికెన్ కొట్టువాడు ఇచ్చే పచ్చి తునకలు దాని తిండి. దాని ఇసుక తొట్టె రెండు రోజులకోసారి నేనే తీస్తాను. అమ్మాయికి మూడో నెలలో టార్చ్ పరీక్ష చేయించారు, రిపోర్టు దాని దగ్గరే ఉంది.

పిల్లిని ఉంచితే, రేపు ఏ చిన్న తేడా వచ్చినా ఆ మాట నా మెడకు చుట్టుకుంటుంది. పంపేస్తే మా వారి ముఖం చూడలేను. ఏం చేయమంటారు?

— ఒక తల్లి, కొవ్వూరు

సలహా

అమ్మా, పుట్నాలుని పంపకండి. ముందు ఆ మాట చెప్పేశాక మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

మీ వియ్యపురాలి మాటను మూఢనమ్మకమని తోసేయకండి. ఆవిడ చెప్పిన మూడింటిలో ఒకదానికి, పిల్లి వల్ల గర్భానికి ముప్పు అన్నదానికి, గట్టి ఆధారమే ఉంది. పిల్లి వల్ల రాగల ఆ జబ్బు పేరు టాక్సోప్లాస్మోసిస్. దాన్ని కలిగించే సూక్ష్మజీవిని 1908లో ట్యునీషియాలో ఎలుకజాతి జంతువులో మొదటిసారి చూశారు. అది పిల్లి పేగుల్లో పెరిగి మలంలో బయటికొస్తుందని తేలడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. ఆ సంగతి తేల్చినవారిలో మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన పశువైద్య శాస్త్రవేత్త జె.పి. దూబే ఒకరు. ఈ జబ్బు గర్భిణికి కొత్తగా సోకితే బిడ్డకు చేరవచ్చు. తొలి నెలల్లో సోకితే బిడ్డకు జరిగే నష్టం ఎక్కువ, చివరి నెలల్లో సోకితే బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. కాబట్టి ఏడో నెల వచ్చేసిందిగా అని నిర్లక్ష్యం చేయడానికీ లేదు.

అయితే ఇది పిల్లిని ముట్టుకుంటే, నిమిరితే అంటుకునే జబ్బు కాదు. పిల్లికి తొలిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని మలంలో ఈ జీవి పడుతుంది, ఆ తర్వాత సాధారణంగా ఆగిపోతుంది. నాలుగేళ్ళుగా గోడలు దూకి ఎలుకల్నీ పిట్టల్నీ పట్టే పిల్లికి ఆ దశ ఎప్పుడో దాటిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. మలంలో పడ్డ వెంటనే ఆ జీవి ఎవరికీ సోకదు. ముదిరి సోకే స్థితికి రావడానికి దానికి ఒకటి నుంచి ఐదు రోజులు కావాలి.

మీరు తొట్టె రెండు రోజులకోసారి తీస్తానన్నారు చూడండి, ముందు మార్చాల్సింది అదే. ఏ రోజుది ఆ రోజు, ఇరవై నాలుగు గంటలు నిండకముందే తీసేయాలి. ఈ పని ఇక మీది కాదు, అమ్మాయిది అసలే కాదు, మీ వారిది. ఐదింటికి ఆయన్ని లేపుతోంది కదా, పాలపాకెట్టు కంటే ముందు ఆ పని. గ్లవ్స్ వేసుకుని చిన్న జల్లెడగరిటెతో తీసి, కవర్లో కట్టి చెత్తబండిలో వేయాలి. కరివేపాకు మొక్క మొదట్లో పారబోయకూడదు. వారానికోసారి తొట్టె ఖాళీ చేసి, బాగా మరిగిన నీళ్ళు పోసి ఐదు నిమిషాలు వదిలేయమనండి. ఈ జీవి బ్లీచింగ్‌కు లొంగదు, మరిగే నీళ్ళకు లొంగుతుంది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మాట్లాడకుండా అన్నం వదిలేసిన మనిషికి ఈ పని అప్పగిస్తే బరువనుకోరు. అడిగి చూడండి.

ఇప్పుడు వంటింటి సంగతి. నేను ఎక్కువ భయపడేది ఇక్కడే. ఐరోపాలో నేపుల్స్, మిలాన్, బ్రసెల్స్, ఓస్లో వంటి ఆరు నగరాల్లో ఈ జబ్బు సోకిన గర్భిణుల్ని పరిశీలించి 2000లో ఫలితాలు ప్రచురించారు. సోకినవాటిలో 30 నుంచి 63 శాతం దాకా సరిగ్గా ఉడకని మాంసం వల్లేనని తేలింది. మట్టి తాకడం వల్ల కొంత. ఇంట్లో పిల్లి ఉండటానికీ జబ్బు సోకడానికీ సంబంధం కనబడలేదు. మన ఇళ్ళలో మాంసం బాగానే ఉడికిస్తాం. కానీ వేటమాంసం కోసిన కత్తిపీటను నీళ్ళతో అలా తొలిపి, దాని మీదే టమాటా తరుగుతాం. కొత్తిమీర మట్టి వదిలీ వదలకుండా పచ్చడి మీద చల్లేస్తాం. అమ్మాయి వచ్చేలోగా మాంసానికి వేరే కత్తి, వేరే పలక పెట్టండి. ఆకుకూరలు రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి. పెరట్లో మట్టి పని ఏదీ అమ్మాయికి చెప్పకండి.

పుట్నాలుకి చికెన్ కొట్టు పచ్చి తునకలు ఈ రోజు నుంచే ఆపేయండి. పచ్చి మాంసం వల్ల దానికీ జబ్బు వస్తుంది. అలాగని పెరుగన్నంతో సరిపెట్టకండి. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థాన్ని సరిపడా దాని ఒళ్ళు తయారుచేసుకోలేదు. అది అందకపోతే కంటిచూపు పోతుందని 1975లో, గుండె దెబ్బతింటుందని 1987లో వైద్యులు కనిపెట్టారు. అవే చికెన్ తునకల్ని ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ఎముకలు తీసి పెట్టండి. ఉడికిస్తే టారిన్ కొంత నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్ళు పారబోయకుండా కలిపేయండి. రోజుకో పూట బజారులో దొరికే పిల్లుల మేత పెడితే ఇంకా నిశ్చింత.

తిండి మాట వచ్చింది కాబట్టి, ఎవరికీ తట్టని సంగతి ఒకటి చెప్తాను. బాలింత ఉన్న ఇంట్లో వెల్లుల్లి లేని పూట ఉండదు. వెల్లుల్లి కారం, వెల్లుల్లి వేసిన పథ్యపు కూర అమ్మాయి కంచంలో మిగిలితే పాపం పుట్నాలు ఎదురుచూస్తోందని పెట్టేస్తారు. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడతాయి. ఒక్క మెతుకు కూడా వద్దు. పారాసిటమాల్ మాత్ర కూడా అంతే, ఒక్కటి చాలు దాని ప్రాణం తీయడానికి. బాలింత మందులు మూత ఉన్న డబ్బాలోనే ఉండాలి.

అమ్మాయి టార్చ్ రిపోర్టు ఫోటో తెప్పించుకోండి. టాక్సోప్లాస్మా అన్నచోట ఐజీజీ, ఐజీఎం అని రెండు వరసలు ఉంటాయి. ఐజీజీ ఉండి ఐజీఎం లేకపోతే, ఎప్పుడో సోకి తగ్గిపోయిందనీ, ఒంట్లో రక్షణ ఉందనీ సాధారణంగా అర్థం. రెండూ లేకపోతే ఇప్పటిదాకా సోకలేదన్నమాట, పైన చెప్పిన జాగ్రత్తలన్నీ అప్పుడు మరీ ముఖ్యం. ఐజీఎం ఉంటే మాత్రం మీరూ నేనూ అర్థాలు చెప్పకూడదు, ఆ రోజే ఆమెను చూస్తున్న డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఏది ఉన్నా డాక్టరు నోటితో చెప్పించండి. అప్పుడు మీ వియ్యపురాలిని కూడా వెంట తీసుకెళ్ళండి. "వదినగారూ, మీరు చెప్పాకే నాకూ భయం వేసింది, ఇద్దరం కలిసి అడుగుదాం" అనండి. ఆవిడ అడిగిన ప్రశ్నలకు డాక్టరు జవాబు ఆవిడే వింటే, రేపు ఆ మాట ఎవరి మెడకూ చుట్టుకోదు.

మిగతా రెండు భయాల్లో వెంట్రుకది నిజం కాదు. పిల్లి వెంట్రుక గర్భానికి ఏ హానీ చేయదు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. బిడ్డ ఊపిరి పిల్లి తీస్తుందన్నదీ నిజం కాదు. కానీ వెచ్చగా ఎక్కడుంటే అక్కడ ముడుచుకుని పడుకోవడం దాని గుణం, పసిబిడ్డ పక్క కంటే వెచ్చని చోటు ఇంట్లో ఉండదు. మెడ నిలపడం కూడా రాని బిడ్డ పక్కన మూడు నాలుగు కిలోల పిల్లి పడుకోకూడదు. అందుకే బాలింత గదికి మెష్ తలుపు పెట్టించండి. గాలి ఆడుతుంది, పిల్లి రాదు. మూసిన తలుపు ముందు గోకుతూ కూర్చోకుండా అటు నుంచే అమ్మాయిని చూసుకుంటుంది కూడా. ఉయ్యాలకు దోమతెర కట్టినా సరే, బిడ్డ ఉన్న గదిలో దాన్ని ఒంటరిగా వదలకండి.

టీకా విషయంలో మీరు చేసింది తప్పే. రాత్రి బయట తిరిగే పిల్లికి రేబిస్ టీకా ఏటా పడాలి. పాశ్చర్ 1885లో తొలిసారి మనిషికి రేబిస్ టీకా వేసిన జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. ఆ రోజు కోసం ఆగకండి, ఈ వారమే వేయించండి. నట్టల మందు కూడా అప్పుడే. ఇంట్లో ఎవరినైనా గీరినా కరిచినా పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కడుపుతో ఉన్నవాళ్ళకూ రేబిస్ టీకా వేస్తారు, భయపడి మానకూడదు. ఈ నెల నుంచి రాత్రిళ్ళు దాన్ని బయటికి పంపకండి. మొదటి వారం అరుస్తుంది. పడుకోబోయే ముందు మీ వారు పావుగంట దారంతో ఆడించి తిండి పెడితే సద్దుకుంటుంది.

ఇక ఆ గోనెసంచి. మన ఊళ్ళలో పిల్లిని సంచిలో వేసి ఊరు దాటించడం ఎవరికీ తప్పుగా అనిపించదు, నా చిన్నప్పుడు మా వీధిలోనూ చూశాను. పిల్లికి ఇల్లంటే దాని వాసనలు, దాని మూలలు, దాని మనుషులు. నాలుగేళ్ళు మీ ఇంట్లో పెరిగిన పిల్లిని కుక్కల మధ్య చేపల మార్కెట్లో వదిలితే, తిండి వెతుక్కోవడానికి ముందే దాక్కున్నచోట చిక్కి పోతుంది. ఆకలికీ దాహానికీ గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. పక్కింటి అబ్బాయికి మంచిగా వద్దని చెప్పండి. డాక్టరు చెప్పాక కూడా అమ్మాయి మనసు కుదుటపడకపోతే, అమ్మాయి మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పుట్నాలుకి తెలిసిన చుట్టాల ఇంట్లో దాని గిన్నె, దాని తొట్టె, దాని దుప్పటితో సహా ఉంచి, మీ వారు చూసి వస్తుండాలి. అది ఆఖరి దారి. అంతదాకా రాదనే నా నమ్మకం.

నిజానికి మీ అమ్మాయి పుట్నాలుని వద్దనలేదు, "నువ్వే చూడు" అంది. అత్తగారి మాట కాదనలేక, తను తెచ్చిన పిల్లను పొమ్మనలేక మీ మీద పెట్టింది. ఈసారి వీడియో కాల్‌లో అడగకుండానే పుట్నాలుని చూపించండి.

ఇప్పటి నుంచే పసిపిల్లల నూనె, పౌడరు కొద్దిగా మీ చేతులకు రాసుకుని దాన్ని నిమరండి. ఫోన్లో పసిబిడ్డ ఏడుపు సన్నగా వినిపిస్తూ రోజూ కాస్త పెంచండి. కాన్పయ్యాక, బిడ్డ ఇంటికి రాకముందే మీ వారు ఆస్పత్రి నుంచి పొత్తిళ్ళ గుడ్డ ఒకటి తెచ్చి వరండాలో పరిచి, అది వాసన చూసుకునేదాకా పక్కన కూర్చోవాలి. ముందు మాత్రం ఆ మెష్ తలుపు కొలతలు రేపే వడ్రంగికి ఇవ్వండి. సీమంతం లోపు బిగించాలి.