నొప్పికి మందు, దిగులుకు మందు: తేడా తెలుసుకుందాం

వైద్య సహాయానికి వచ్చే కుటుంబాలు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, డాక్టరుగారు మార్ఫిన్ రాశారు. అది మత్తుమందు కదా, హరామ్ కాదా?" ఈ సందేహంతో మందు ఆపేస్తే రోగి రాత్రంతా నొప్పితో మూలుగుతూ గడపాలి. అందుకే ఈ పాఠం.

మార్ఫిన్ నల్లమందు నుంచి తీస్తారు. నల్లమందు నొప్పిని అణచే గుణాన్ని వెయ్యేళ్ల క్రితమే ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథంలో వివరించారు. తీవ్రమైన కేన్సర్ నొప్పికి నోటి ద్వారా మార్ఫిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఇది ఆసుపత్రులకు చేరడం కష్టమైంది. 2014 సవరణ ఆ చిక్కులను చాలావరకు సడలించింది. నిజమైన వైద్య అవసరానికి, డాక్టరు చెప్పిన మోతాదులో వాడడాన్ని ఉలమాలు సాధారణంగా అనుమతిస్తారు. మత్తు కోసం వాడడం వేరు, నొప్పికి వాడడం వేరు.

దిగులు జబ్బు సంగతి వేరు. 19వ శతాబ్దంలో దానికీ నల్లమందు ఇచ్చేవారు. కొంతసేపు మనసు తేలికపడుతుంది, తర్వాత అలవాటు పట్టుకుంటుంది. 1950ల నుంచి డిప్రెషన్‌కు వేరే మందులు వచ్చాయి. ఏళ్ల తరబడి ఉండే నడుము, మోకాళ్ల నొప్పులకు కూడా ఈ జాతి మందులు మొదటి వరస మందులు కావు. ట్రమడాల్ సైతం ఇదే జాతిది. అందుకే 2018లో దాన్నీ ఆ చట్టం కిందికి తెచ్చారు.

మన జిల్లావారికి మరో జాగ్రత్త. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. కిడ్నీ పాడైనవారిలో మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో పేరుకుపోతాయి. కాబట్టి కిడ్నీ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

దాతలు గుర్తుంచుకోవలసినవి:

1. మాత్రల డబ్బు ఒక్కటే చాలదు. రోగిని సరైన డాక్టరు దగ్గరికి చేర్చే ప్రయాణ ఖర్చు కూడా సాయమే. విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది.

2. మార్ఫిన్‌ను సొంతంగా పెంచకూడదు, ఒక్కసారిగా ఆపకూడదు. మలబద్ధకం వస్తుంది, దానికీ మందు అడగాలి. పిల్లలకు అందకుండా దాచాలి.

3. దిగులుతో ఉన్నవారికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి.

హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నేటికీ పేదలకు వైద్యం చేస్తోంది. మనం అంత పెద్ద పని చేయలేకపోవచ్చు. మన పేటలో ఒక్క రోగి నొప్పి లేకుండా నిద్రపోయినా మనమిచ్చిన రూపాయి సార్థకమే.